బ్లేడు లేచే చోటు

రాత్రి రెండుంబావు. మైనస్ ఇరవై ఆరు.
రేడియోలో డెల్ఫీనా గొంతు, నిద్ర జీరతో:
"నికీఫోర్, రన్‌వే అయ్యాక పారాచూట్ల షెడ్డు,
ఆ తర్వాత ఆస్పత్రి దారి.
నాలుగున్నరకి కుర్రాళ్లు విమానం ఎక్కాలి."
అంతే.
ఎవరి కుర్రాళ్లు, ఎవరి విమానం అని
ఇప్పుడెవరూ అడగరు.

ఒకప్పుడు అడిగేవాళ్లం.
ఇక్కడ కంచె ఉండేది.
అటు ఆర్మీ, ఇటు ఎయిర్‌ఫోర్స్,
అటు వాళ్ల మంచు, ఇటు మా మంచు.
పదకొండు చలికాలాలు
నేను గీత దాకా తోసి, బ్లేడు ఎత్తి
వెనక్కి తిరిగేవాణ్ణి.
అవతలి నుంచి ఒక ఆడమనిషి
గీత దాకా తోసి, బ్లేడు ఎత్తి, తిరిగేది.
మధ్యన నడుమెత్తు గట్టు,
ఇసుక కలిసి, మసి కలిసి,
మే నెల వచ్చినా కరిగేది కాదు.
అద్దాల్లోంచి చెయ్యూపుకునేవాళ్లం.
ఆమె పేరు డెల్ఫీనా అని
కంచె తీసేశాకే తెలిసింది.

(ఈ రెండు సైన్యాల కంటే ముందు
ఈ ఏటి ఒడ్డున మా అమ్మమ్మ
సాల్మన్ చేపలు చీల్చి ఆరేసేది.
ఆమెను ఏ మీటింగుకూ పిలవలేదు.)

ఒక శుక్రవారం కాగితాల మీద
రెండు స్థావరాలూ ఒకటయ్యాయి.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
మా షెడ్డులో పద్నాలుగు బ్లేడులు ఇమిడాయి.
కాఫీ కుండ దగ్గరే కుదరలేదు.
మాకు రన్‌వే అంటే
కాల్చిన పెనంలా నల్లగా కనబడాలి.
వాళ్లకు రోడ్డంటే ట్రక్కు జారకపోతే చాలు:
రెండు వేళ్ల మంచు ఉండనీ, ఇసుక చల్లు, పద.
ఆ ఇసుక ఎవరి ఖాతాలో రాయాలో
మూడు వారాలు తేలలేదు.
మంచు మాత్రం తేలేదాకా ఆగలేదు.

నేవీ వాళ్లు తొమ్మిది మంది, ఓడ లేదు.
వాళ్ల గుమ్మం మెట్లు శుభ్రం చేస్తే
"డెక్ బాగుంది, పెద్దాయనా" అంటారు.
మెరైన్లు ఎవరూ చెప్పకముందే
పారలు పట్టుకుని తమ వాకిలి తామే తోడుకుంటారు,
పక్కవాళ్లది మాత్రం ముట్టరు.
అందరికీ ఒకే బాయిలర్ వెచ్చదనం.
అందరికీ ఒకే ఫైరింజను.
పళ్ల డాక్టరు కూడా ఒకావిడే;
ఆ కుర్చీలో నోరు తెరిచాక
ఏ యూనిఫారమైనా ఒకేలా మూలుగుతుంది.

ఇక మూస్ ఒకటుంది, దూడతో పాటు
గుర్తింపు కార్డు లేకుండా గేటు దాటుతుంది.
కంచె ఉన్న రోజుల్లోనూ అంతే.
గార్డు సెల్యూట్ కొట్టడు గానీ
దారి ఇస్తాడు.

ఇవాళ నా పక్కన కొత్త కుర్రాడు,
పని నేర్చుకోవడానికి వచ్చాడు. వయసు ఇరవై.
షెడ్డు దారిలో సగం దాటాక అడిగాడు:
"ఇక్కడ బ్లేడు ఎందుకెత్తారు?"
ఎత్తానా?
అద్దంలో చూశాను.
వెనక లైటు ఎర్రటి వెలుగులో
రోడ్డుకు అడ్డంగా సన్నని గట్టు,
సరిగ్గా స్తంభాల గుంతలు పూడ్చిన చోట.
కంచె పోయి పన్నెండేళ్లు.
జనరళ్లు సంతకాలు పెట్టారు, పటాలు మార్చారు,
బోర్డు మీద మూడుసార్లు రంగు వేశారు.
నా మోచేతి దగ్గరికి మాత్రం
ఆ కాగితం ఇంకా రాలేదు.

"ఎందుకాగారు?" రేడియోలో డెల్ఫీనా.
"ఏం లేదు. గట్టు."
కాసేపు గరగర.
"మోకాళ్లు పోయి ఈ కుర్చీలో కూర్చునేదాకా
నాదీ అక్కడే లేచేది," అంది.
"ఎవరికీ చెప్పలేదు."

కుర్రాడు ఇద్దరి మాటలూ విని
ఏదో ప్రాంతీయ ఆచారం అనుకున్నట్టున్నాడు,
నోట్‌బుక్కు తీశాడు.
వద్దులే, రాయకు అన్నాను.

బండి వెనక్కి తీశాను.
బ్లేడు దించాను.
టైము మూడు నలభై.
ఆస్పత్రి దారి ఇంకా మిగిలే ఉంది.